ఎల్స్‌మియర్ దీవిలో ఎవరు బతికారు?



కెనడా దేశపటంలో అన్నిటికంటే పైన, గ్రీన్‌లాండ్‌ను ఆనుకున్నట్టు కనిపించే ఒక దీవి ఉంది. పేరు ఎల్స్‌మియర్. విస్తీర్ణం లక్షా 96 వేల చదరపు కిలోమీటర్లు. మన నేటి ఆంధ్రప్రదేశ్ కంటే పెద్దది. ప్రపంచంలోని దీవుల్లో పదోది. 2021 జనాభా లెక్కల్లో అక్కడ తేలిన సంఖ్య 144. ఆ 144 మందీ ఒకే ఊళ్ళో ఉంటారు. దీవి దక్షిణ తీరంలోని ఆ ఊరి పేరు గ్రీస్ ఫియోర్డ్. ఇంకా ఉత్తరాన యురేకా అనే వాతావరణ కేంద్రం, అలర్ట్ అనే సైనిక స్థావరం ఉన్నాయి కానీ అక్కడివాళ్ళు ఉద్యోగం మీద వచ్చి గడువు కాగానే వెళ్ళిపోయేవాళ్ళే. పిల్లాపాపలతో కాపురాలున్న చోటు గ్రీస్ ఫియోర్డ్ ఒక్కటే.

ఈ దీవి చరిత్రను సాధారణంగా అన్వేషకుల కథగా చెబుతారు. ఫలానా కెప్టెన్ ఫలానా ఏడు ఫలానా అక్షాంశం దాకా వెళ్ళాడు, జెండా పాతాడు అని. ఆ సాహసం నిజమే, దాన్ని తక్కువ చేయలేం. కానీ ఆ కథలన్నీ చదివాక నా మనసులో ఒక ప్రశ్న మిగిలింది. అక్కడ ఎవరు బతికారు, ఎందువల్ల బతికారు, ఎవరు చనిపోయారు, ఎందువల్ల చనిపోయారు? ఈ ప్రశ్న పట్టుకుని వెళితే చరిత్ర ఇంకో దారిలో నడుస్తుంది. ఈ రోజు ఆ దారిలోనే వెళ్దాం.

ముందు నేల సంగతి. దీవిలో మూడో వంతుకు మించి హిమానీనదాలే. మంచు ఇంత ఉన్నా, ఇది నిజానికి ఎడారి. యురేకా దగ్గర ఏడాది మొత్తం మీద పడే వాన, మంచు కలిపి కొలిస్తే 80 మిల్లీమీటర్లు కూడా ఉండవు. చలికాలంలో ఉష్ణోగ్రత మైనస్ 50 డిగ్రీల కిందికి పోయిన రోజులున్నాయి. దక్షిణపు కొసన కూడా మూడు నెలలకు పైగా సూర్యుడు కనిపించడు. చెట్టన్నది లేదు. అయినా కొన్ని లోయల్లో గడ్డి మొలుస్తుంది. ఆ గడ్డి మీద మస్క్ ఆక్స్ అనే జంతువులు బతుకుతాయి. ఒళ్ళంతా నేలను తాకే జూలుతో, ఎద్దులా కనిపించే జంతువులు. సముద్రంలో సీల్ ఉంది, వాల్రస్ ఉంది, నార్వాల్ తిమింగిలం ఉంది. ఎక్కడ, ఏ నెలలో, ఏ మంచు మీద నిలబడితే ఇవి దొరుకుతాయో తెలిసినవాడికి తిండి ఉంది. తెలియనివాడికి లేదు.

ఆ తెలివిడితో మొదట వచ్చినవాళ్ళు 4 వేల ఏళ్ళకు పూర్వమే వచ్చారు. అలాస్కా వైపు నుంచి తూర్పుగా నడుచుకుంటూ వచ్చిన చిన్న చిన్న గుంపులు. చేతిలో చెకుముకి రాతితో చేసిన చిన్న పనిముట్లు. కాలాంతరంలో వాళ్ళు కనుమరుగయ్యారు. తర్వాత డోర్సెట్ అని మనం పిలుస్తున్న జనం వచ్చారు. సుమారు 800 ఏళ్ళ కిందట తూలే ప్రజలు వచ్చారు. నేటి ఇన్యూట్ ప్రజలకు పూర్వీకులు వీళ్ళే. కుక్కలబండ్లు, తోలు పడవలు, పెద్ద తిమింగిలాన్ని వేటాడే నేర్పు వాళ్ళవెంట వచ్చాయి.

దీవి తూర్పు తీరాన స్క్రేలింగ్ అనే చిన్న లంక ఉంది. అక్కడి తూలే ఇళ్ళ శిథిలాలను 1970ల చివర్లో పీటర్ ష్లెడెర్‌మాన్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వించాడు. తవ్వితే ఇనుప కవచం ముక్కలు దొరికాయి. ఓడ చెక్కలను బిగించే ఇనుప మేకులు దొరికాయి. ఉన్ని బట్ట పేలిక దొరికింది. ఇవి గ్రీన్‌లాండ్ దక్షిణాన కాపురమున్న నార్స్ జాతివాళ్ళ వస్తువులు. అవి వర్తకంలో వచ్చాయో, ఏదైనా ఓడ అక్కడ చిక్కుకుందో, ఎవరి ఊహ వారిది. యూరప్ ఇనుము అలాస్కా నుంచి వచ్చిన వేటగాళ్ళ చేతికి ఈ దీవి ఒడ్డున చేరిందన్నది మాత్రం ఖాయం. కొలంబస్ పుట్టడానికి చాలా ముందు.

ఆ తర్వాత వాతావరణం మారింది. చలి ముదిరింది. సముద్రం వేసవిలో కూడా తెరుచుకోని ఏళ్ళు వచ్చాయి. జనం దీవిని వదిలి దక్షిణానికో, గ్రీన్‌లాండ్‌కో జరిగారు. ఎల్స్‌మియర్ ఖాళీ అయింది. యూరప్ నావికులు వచ్చి చూసేటప్పటికి కనిపించింది ఆ ఖాళీయే.

1616లో రాబర్ట్ బైలట్, విలియం బాఫిన్ అనే ఇద్దరు ఇంగ్లీషు నావికులు డిస్కవరీ అనే ఓడలో ఈ ప్రాంతం దాకా వచ్చారు. స్మిత్ జలసంధిని చూశారు, జోన్స్ జలసంధిని చూశారు. తమకు డబ్బు పెట్టిన పెద్దమనుషుల పేర్లు వాటికి పెట్టి తిరిగి వెళ్ళారు. ఆ తర్వాత 200 ఏళ్ళ పాటు వాళ్ళ మాట నమ్మినవాళ్ళు తక్కువ. 1818లో జాన్ రాస్ వచ్చి చూశాక గానీ బాఫిన్ నిజమే చెప్పాడని తేలలేదు. 1852లో ఎడ్వర్డ్ ఇంగిల్‌ఫీల్డ్ అనే నౌకాధికారి ఇసబెల్ అనే చిన్న ఓడలో స్మిత్ జలసంధిలోకి చొచ్చుకుపోయి, పడమర ఒడ్డున కనిపించిన నేలకు ఎల్స్‌మియర్ అని పేరు పెట్టాడు. అది రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీతో సంబంధమున్న ఒక ఇంగ్లీషు ప్రభువు బిరుదు. ఇన్యూట్ ప్రజలకు మాత్రం ఇది ఉమింగ్‌మాక్ నునా, మస్క్ ఆక్స్ తిరిగే నేల.

ఇక్కడ ఒక మనిషిని మీకు పరిచయం చేయాలి. ఈ దీవి చరిత్రలో నాకు అందరికంటే పెద్దగా కనిపించే మనిషి ఆయన. పేరు కిట్లార్సువాక్. బాఫిన్ దీవికి చెందిన ఇన్యూట్ నాయకుడు, మంత్రవేత్త కూడా. సొంత ప్రాంతంలో హత్యలు, పగలు ముదిరాయి. ఆయన తనవాళ్ళను వెంటబెట్టుకుని ఉత్తరానికి బయలుదేరాడు. పిల్లలు, ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, కుక్కలబండ్లు. లాంకస్టర్ జలసంధి దాటి డెవన్ దీవి చేరారు. 1853లో ఇంగిల్‌ఫీల్డ్ ఓడ వాళ్ళకు అక్కడే తారసపడింది. ఇంకా ఉత్తరాన, సముద్రానికి అవతల, తమలాంటి మనుషులే ఉన్నారని తెల్లవాళ్ళ వల్ల కిట్లార్సువాక్‌కు తెలిసింది. ఎన్నడూ చూడని ఆ బంధువులను కలుసుకోవాలన్న కోరిక ఆయనను పట్టుకుంది.

దాదాపు 40 మంది ఆయన వెంట కదిలారు. ఏటికేడు కొంత దూరం. వేట దొరికిన చోట ఆగడం, చలికాలం ఇగ్లూల్లో గడపడం, వెలుగు రాగానే మళ్ళీ బయలుదేరడం. దారిలో గుంపు రెండుగా చీలింది. చాలామంది ఇక చాలని వెనక్కి మళ్ళారు. మిగిలినవాళ్ళు ఎల్స్‌మియర్ తూర్పు తీరం వెంట నడిచి, గడ్డకట్టిన స్మిత్ జలసంధి దాటి, 1860ల ప్రాంతంలో గ్రీన్‌లాండ్ గట్టెక్కారు. అక్కడ నిజంగానే మనుషులు కనిపించారు. ఉత్తర గ్రీన్‌లాండ్‌లో ఉండే ఇనుహుయిట్ ప్రజలు.

ఆ ప్రజల పరిస్థితి అప్పుడు బాగా లేదు. గతంలో ఏదో అంటురోగం వచ్చి పెద్దవాళ్ళను ఊడ్చుకుపోయింది. వాళ్ళతోపాటు వాళ్ళకు తెలిసిన పనులూ పోయాయి. కయాక్ అనే తోలు పడవ చేయడం మరిచిపోయారు. విల్లు, బాణం మరిచిపోయారు. చేపను పొడిచి పట్టే ఈటె మరిచిపోయారు. సముద్రంలో సీల్ కనిపిస్తున్నా వెంటాడే పడవ లేదు. కొండ మీద రెయిన్‌డీర్ కనిపిస్తున్నా కొట్టే విల్లు లేదు. కిట్లార్సువాక్ మనుషులు వాళ్ళకు ఇవన్నీ మళ్ళీ నేర్పారు. వాళ్ళలో కలిసి కాపురాలు పెట్టుకున్నారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు. ఈ రోజుకీ ఆ ప్రాంతంలో వాళ్ళ సంతానం ఉంది. ఒక జాతి మరిచిపోయిన విద్యను ఇంకో గుంపు వందల మైళ్ళు నడిచొచ్చి తిరిగి అందించడం, చరిత్రలో ఇలాంటిది మనకు ఎన్నిచోట్ల కనిపిస్తుంది?

కొన్నేళ్ళకు ముసలితనంలో కిట్లార్సువాక్‌కు పుట్టినచోటు మీద మనసు లాగింది. కొందరిని తీసుకుని తిరుగుప్రయాణం కట్టాడు. దారిలోనే చనిపోయాడు. ఆయన పోయాక మిగిలినవాళ్ళు ఎల్స్‌మియర్‌లో ఘోరమైన కరువు పాలయ్యారు. వేట దొరకలేదు. మనిషి మాంసం తినే స్థితి వచ్చింది. అందులోంచి బయటపడి గ్రీన్‌లాండ్‌కు తిరిగొచ్చిన మెర్కుసాక్ అనే ఆయన ముసలివాడయ్యాక ఇదంతా నూడ్ రాస్ముసెన్‌కు చెప్పాడు. గ్రీన్‌లాండ్‌లో పుట్టి ఇన్యూట్ ప్రజల కథలన్నీ సేకరించిన పండితుడు రాస్ముసెన్. అలా ఈ ప్రయాణం మనదాకా వచ్చింది. ఇలాంటి చలిలో పుట్టి పెరిగినవాళ్ళకు కూడా ఈ దీవి తేలిగ్గా లొంగదని ఈ చివరి భాగం చెబుతోంది. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

ఇంచుమించు అదే కాలంలో ఓడల మీద వచ్చినవాళ్ళ కథ చూద్దాం. అమెరికా నుంచి ఎలైషా కేన్ 1853లో, ఐజాక్ హేస్ 1860లో, చార్లెస్ హాల్ 1871లో వచ్చారు. బ్రిటన్ నుంచి జార్జ్ నేర్స్ 1875లో వచ్చాడు. నాయకులు నలుగురు, అన్వేషణ యాత్రలు నాలుగు. నాలుగింటిలోనూ ఉన్న మనిషి ఒకడున్నాడు. హాన్స్ హెండ్రిక్. గ్రీన్‌లాండ్ వేటగాడు. కేన్ ఓడెక్కేనాటికి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. ఆ ఓడల్లోని వాళ్ళకు తాజా మాంసం దొరికిందంటే చాలాసార్లు అది హాన్స్ వేటాడి తెచ్చినదే.

హాల్ ప్రయాణంలో జరిగింది వినండి. ఓడ పేరు పోలారిస్. హాల్ మొదటి చలికాలంలోనే చనిపోయాడు. 1872 అక్టోబరులో ఒక తుపాను రాత్రి, మంచు ఒత్తిడికి ఓడ పగిలిపోతుందన్న భయంతో సామాన్లు మంచు పలక మీదికి దించుతుండగా పలక ఓడ నుంచి విడిపోయింది. దాని మీద 19 మంది మిగిలారు. అందులో హాన్స్, అతని భార్య, పిల్లలు. ఆ ఓడలోనే పుట్టిన పసిబిడ్డ కూడా. ఎబియర్‌బింగ్ అనే మరో ఇన్యూట్ వేటగాడు, అతని కుటుంబం కూడా ఉన్నారు. మిగిలినవాళ్ళు నావికులు. ఆ మంచు పలక చలికాలమంతా దక్షిణానికి కొట్టుకుపోయింది. ఆరు నెలలు. దాదాపు 2,900 కిలోమీటర్లు. హాన్స్, ఎబియర్‌బింగ్ ఇద్దరూ పలక మీద ఇగ్లూలు కట్టారు, సీల్ వేటాడారు. 1873 ఏప్రిల్ చివర్లో లాబ్రడార్ తీరం దగ్గర ఒక ఓడ వాళ్ళను చూసింది. 19 మందీ ప్రాణాలతో ఉన్నారు. పసిబిడ్డతో సహా.

హాన్స్ తర్వాత తన జీవితకథ గ్రీన్‌లాండ్ భాషలో రాసుకున్నాడు. 1878లో అది ఇంగ్లీషులో వచ్చింది. ఎల్స్‌మియర్‌కూ గ్రీన్‌లాండ్‌కూ మధ్య ఉన్న ఒక చిన్న రాతి దీవికి అతని పేరు పెట్టారు. ఆ దీవి ఎవరిదన్న తగవు కెనడా, డెన్మార్క్‌ల మధ్య చాలా ఏళ్ళు నడిచింది. 2022లో దాన్ని రెండుగా పంచుకున్నారు.

నేర్స్ యాత్రలో హాన్స్ ఉన్నా, బ్రిటిష్ నౌకాదళం పద్ధతి వేరు. బరువైన స్లెడ్జి బండ్లను నావికులే భుజాలకు తాళ్ళు కట్టుకుని లాగాలి. తిండి నిల్వ మాంసం. 1876 మేలో ఆల్బర్ట్ మార్కమ్ బృందం 83 డిగ్రీల 20 నిమిషాల ఉత్తర అక్షాంశం చేరింది. అంతవరకూ ఎవరూ వెళ్ళని చోటు. కానీ మనుషులు స్కర్వీ జబ్బుతో కూలిపోయారు. తిరిగొచ్చేటప్పుడు నడవగలిగినవాళ్ళు నడవలేనివాళ్ళను బండ్ల మీద లాగాల్సి వచ్చింది. స్కర్వీకి మందు అక్కడి తాజా మాంసంలోనే, సీల్ కాలేయంలోనే, నార్వాల్ పైచర్మంలోనే ఉంది. ఇన్యూట్ ప్రజలు పచ్చిగా తినే ఆ తిండిని ఓడవాళ్ళు తిండిగా లెక్కపెట్టలేదు.

1881లో అమెరికా సైన్యం నుంచి అడాల్ఫస్ గ్రీలీ వచ్చాడు. మొదటి అంతర్జాతీయ ధ్రువ సంవత్సరంలో భాగంగా, ధ్రువం చుట్టూ అనేక దేశాలు ఒకేసారి వాతావరణం, అయస్కాంత శక్తి కొలవాలన్న గొప్ప ఆలోచన అది. ఎల్స్‌మియర్ ఉత్తరాన ఫోర్ట్ కాంగర్ అనే స్థావరం కట్టారు. మొత్తం 25 మంది. అందులో ఇద్దరు గ్రీన్‌లాండ్ వేటగాళ్ళు, జెన్స్, ఫ్రెడరిక్. 1882 మేలో వాళ్ళ బృందంలోని లాక్‌వుడ్, బ్రైనార్డ్, ఫ్రెడరిక్‌లు బ్రిటిష్‌వాళ్ళ రికార్డును దాటి 83 డిగ్రీల 24 నిమిషాల దాకా వెళ్ళారు. చుట్టుపక్కల మస్క్ ఆక్స్ మందలు ఉండేవి. మాంసానికి కొదవ లేదు.

సరుకుల ఓడ 1882లో రాలేకపోయింది. 1883లో వస్తున్న ఓడను మంచు నలిపేసి ముంచింది. ఓడ రాకపోతే దక్షిణానికి రావాలని ముందే ఇచ్చిన ఆదేశం ఒకటి ఉంది. గ్రీలీ సైనికుడు. ఆదేశం పాటించాడు. 1883 ఆగస్టులో, వేట ఉన్న చోటు వదిలి, పడవల్లో దక్షిణానికి బయలుదేరి, అక్టోబరులో సబీన్ అగ్రం దగ్గర దిగాడు. అక్కడ వేట లేదు. ఓడలు దాచి ఉంచాయనుకున్న సరుకు నలభై రోజులకు సరిపడా మాత్రమే ఉంది. ఎదురుగా, జలసంధి అవతల, ఇనుహుయిట్ ప్రజలు ఉన్నారు. కానీ ఆ చలికాలం జలసంధి గట్టిగా గడ్డకట్టలేదు. దాటే దారి లేకపోయింది.

ఆ శిబిరంలో జరిగింది రాత్రిపూట చదవలేం. నాచు తిన్నారు. వల వేసి చీమంత రొయ్యలు పట్టారు. తోలు బూట్లు ఉడకబెట్టుకుని తిన్నారు. తిండి దొంగిలించిన ఒక సైనికుణ్ణి గ్రీలీ ఆజ్ఞ మీద కాల్చి చంపారు. ఫ్రెడరిక్ ఏప్రిల్‌లో నీరసంతో చనిపోయాడు. ఆ నెలాఖరులో జెన్స్ సీల్ కోసం కయాక్‌లో వెళ్ళి మునిగిపోయాడు. ఆ ఇద్దరూ పోయాక వేట అన్న ఆశే పోయింది. 1884 జూన్ 22న సహాయక ఓడ వచ్చేసరికి ఏడుగురు మిగిలారు. అందులో ఒకరు దారిలో చనిపోయారు. వెళ్ళిన 25 మందిలో 19 మంది రాలేదు. ఇంత జరిగినా వాళ్ళు కొలిచిన వాతావరణ లెక్కల పుస్తకాలను మాత్రం పోగొట్టుకోలేదు. శాస్త్రవేత్తలు ఈనాటికీ ఆ లెక్కలు వాడుతున్నారు. ఆ క్రమశిక్షణ ముందు తలవంచాలి. మంచు పలక మీద 19 మంది బతికారు, గ్రీలీ బృందంలో 19 మంది పోయారు. పరిస్థితులు రెండూ ఒకటి కావు, నాకు తెలుసు. పలక సీల్ ఉన్న నీళ్ళలోకి కొట్టుకుపోయింది, సబీన్ అగ్రం దగ్గర సీల్ కరువు. అయినా రెండుచోట్లా ప్రాణం వేటగాడి చేతిలోనే ఉంది.

ఆ తర్వాతివాళ్ళు ఈ పాఠం నేర్చుకున్నారు. 1898 నుంచి 1902 దాకా నార్వేకి చెందిన ఒట్టో స్వెర్‌డ్రప్ ఫ్రామ్ అనే ఓడలో వచ్చి, నాలుగు చలికాలాలు దక్షిణ, తూర్పు తీరాల్లో గడిపాడు. కుక్కలబండ్ల మీద తిరిగి ఎల్స్‌మియర్ పడమటి తీరాన్ని, దాని పక్కన ఎవరికీ తెలియని పెద్ద దీవులను పటంలోకి ఎక్కించాడు. అమెరికన్ రాబర్ట్ పియరీ ఇనుహుయిట్ కుటుంబాలనే ఓడ ఎక్కించి తెచ్చాడు. మగవాళ్ళు బండ్లు తోలేవాళ్ళు, ఆడవాళ్ళు తోలుబట్టలు కుట్టేవాళ్ళు. 1909 మార్చిలో ఎల్స్‌మియర్ ఉత్తర కొసనున్న కొలంబియా అగ్రం నుంచి బయలుదేరి, ఏప్రిల్ 6న ధ్రువం చేరానన్నాడు. చేరాడా లేదా అన్న వాదం ఇంకా తెగలేదు. ఆయనతో చివరిదాకా ఉన్నది నల్లజాతి అమెరికన్ మాథ్యూ హెన్సన్, నలుగురు ఇనుహుయిట్ వేటగాళ్ళు.

ఇక కథ రాజ్యాల చేతుల్లోకి వెళ్ళింది. 1880లోనే బ్రిటన్ ఈ ఆర్కిటిక్ దీవులను కెనడాకు రాసిచ్చింది. కాగితం మీద. 1904లో ఒక కెనడా ఓడ వచ్చి ఎల్స్‌మియర్ ఒడ్డున జెండా ఎత్తి పత్రం చదివింది. 1922లో దక్షిణ తీరాన క్రెయిగ్ హార్బర్‌లో పోలీసు ఠాణా పెట్టారు. 1926లో ఇంకా ఉత్తరాన బాష్ ద్వీపకల్పంలో మరో ఠాణా. దాంట్లో పోస్టాఫీసు కూడా పెట్టారు. ఉత్తరం వేసేవాళ్ళు లేరు, తెచ్చే ఓడ ఏడాదికోసారి, అదీ మంచు దారి ఇస్తే. కానీ పోస్టాఫీసు నడుపుతున్న దేశానిదే ఆ నేల అని అంతర్జాతీయ న్యాయం ముందు చెప్పుకోవచ్చు. 1930లో, స్వెర్‌డ్రప్ పటంలోకి ఎక్కించిన దీవుల మీద నార్వే తన హక్కు వదులుకుంది. స్వెర్‌డ్రప్ పటాలకు, దినచర్యలకు కెనడా 67 వేల డాలర్లు ఇచ్చింది. ఆ కొద్ది రోజులకే ఆయన చనిపోయాడు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికాతో కలిసి 1947లో యురేకా, 1950లో అలర్ట్ కేంద్రాలు కట్టారు. అమెరికన్లు ఎక్కువైపోతున్నారన్న బెంగ రాజధాని ఒట్టావాలోని అధికారులకు పట్టుకుంది. నేల మనది అనాలంటే అక్కడ మన మనుషులు ఉండాలి కదా.

ఇక్కడే ఈ దీవి చరిత్రలో నన్ను అన్నిటికంటే కలచివేసే భాగం మొదలవుతుంది.

హడ్సన్ అఖాతం తూర్పు తీరాన, క్యూబెక్ ఉత్తర భాగంలో ఇనుక్‌జువాక్ అనే ఊరుంది. 1922లో విడుదలై ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న నానూక్ ఆఫ్ ది నార్త్ అనే మూకీ సినిమాను రాబర్ట్ ఫ్లాహర్టీ తీసింది ఆ ప్రాంతంలోనే. 1950ల నాటికి నక్క తోళ్ళ ధర పడిపోయింది. ఆ వేట మీద బతికే ఇన్యూట్ కుటుంబాలు ప్రభుత్వం ఇచ్చే భత్యం మీద ఆధారపడుతున్నాయి. వీళ్ళను ఉత్తరానికి పంపితే వేట పుష్కలంగా దొరుకుతుంది, మళ్ళీ పూర్వంలా బతుకుతారు అని అధికారులు తీర్మానించారు. రెండేళ్ళు ఉండి చూడండి, నచ్చకపోతే వెనక్కి తీసుకొస్తాం అని చెప్పారు. అందరూ కలిసే ఉంటారని కూడా చెప్పారు. చెప్పింది పోలీసులు. ఆ రోజుల్లో పోలీసు అడిగితే కాదనే ధైర్యం వాళ్ళకు లేదు.

1953 వేసవిలో సి.డి. హౌ అనే ప్రభుత్వ ఓడ వాళ్ళను ఎక్కించుకుంది. దారిలో పాండ్ ఇన్లెట్ అనే ఉత్తరపు ఊరి నుంచి మరికొన్ని కుటుంబాలను ఎక్కించారు. చీకటి కాలంలో బతకడం ఇనుక్‌జువాక్‌వాళ్ళకు నేర్పడానికట. దూరం దాదాపు 2 వేల కిలోమీటర్లు. ఓడ క్రెయిగ్ హార్బర్ చేరాక అందరూ ఒకచోట దిగడం లేదని తెలిసింది. కొందరు ఎల్స్‌మియర్‌లో, కొందరు అక్కడికి దూరంగా రెజల్యూట్ బే అనే చోట. అక్కాచెల్లెళ్ళను, అన్నదమ్ములను విడదీశారు. జాన్ అమగోవాలిక్ అప్పుడు ఐదేళ్ళ పిల్లవాడు. తర్వాత ఇన్యూట్ ప్రజల పెద్ద నాయకుడై, నునావుట్ అనే ప్రత్యేక ప్రాంతం ఏర్పడటానికి కృషిచేసినవాడు. ఆ పూట ఓడ మీద ఆడవాళ్ళు ఏడవడం, దానికి తోడు కుక్కలు ఊళలు పెట్టడం తనకింకా గుర్తుందని ఆయన తర్వాత జరిగిన విచారణలో చెప్పాడు.

ఇనుక్‌జువాక్ 58 డిగ్రీల అక్షాంశంలో ఉంది. గ్రీస్ ఫియోర్డ్ 76 డిగ్రీల మీద ఉంది. ఇనుక్‌జువాక్‌లో చలికాలం మధ్యలో కూడా రోజూ సూర్యుడు కనిపిస్తాడు. ఇక్కడ నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కనిపించడు. అక్కడ పక్షులు, గుడ్లు, నది చేపలు, ఎండాకాలం కొండపళ్ళు. ఇక్కడ సీల్, వాల్రస్, ధ్రువపు ఎలుగు. ఇగ్లూ కట్టడానికి సరైన మంచు పడేదాకా మొదటి చలికాలంలో డేరాల్లోనే ఉన్నారు. మంచి నీళ్ళకు సముద్రంలో తేలే మంచుగడ్డలను కొట్టి తెచ్చి కరిగించుకోవాలి. కళ్ళెదుట మస్క్ ఆక్స్ తిరుగుతున్నా చంపకూడదు. ఆ జంతువుకు చట్టం రక్షణ ఉంది, జరిమానా, జైలు ఉన్నాయి. వేట పుష్కలంగా ఉందని తీసుకొచ్చి, అందులో పెద్ద మాంసాన్ని ముట్టుకోవద్దన్నారు.

కిట్లార్సువాక్ మనుషుల కరువు గుర్తుంచుకోమన్నాను కదా. ఆర్కిటిక్‌లో పుట్టిన వేటగాళ్ళు, తమంతట తాము వచ్చినవాళ్ళు, ఈ దీవిలో ఆకలితో చచ్చారు. ఏ లోయలో ఏ జంతువు, ఏ నెలలో ఏ మంచు నమ్మదగ్గది అన్నది ఒక్కో చోటికి ఒక్కో చదువు. అది తరతరాల మీద వస్తుంది. చలిప్రాంతపు మనిషిని ఏ చలిప్రాంతంలో దించినా బతికేస్తాడని ఒట్టావాలో కూర్చున్నవాళ్ళు అనుకున్నారు. వాళ్ళకు ఇన్యూట్ అంటే అందరూ ఒక్కటే.

1955లో ఇంకొన్ని కుటుంబాలను తెచ్చారు. రెండు విడతల్లో కలిపి సుమారు 90 మంది. ఆ రెండో విడతలో జోసెఫీ ఫ్లాహర్టీ ఉన్నాడు. పేరు విన్నారు కదా. నానూక్ సినిమా తీసిన రాబర్ట్ ఫ్లాహర్టీకి, ఆ సినిమాలో నటించిన ఇనుక్‌జువాక్ ఆమెకూ పుట్టిన కొడుకు. తండ్రి సినిమా తీసి వెళ్ళిపోయి మళ్ళీ రాలేదు. జోసెఫీకి తండ్రి అంటే ఇంట్లో పెంచిన అకియాతుసుక్ ఒక్కడే. రాతితో సీల్‌ను, వాల్రస్‌ను చెక్కడంలో కెనడా అంతటా పేరున్న శిల్పి. 1953లోనే గ్రీస్ ఫియోర్డ్‌కు వచ్చాడు. ఆయన కోసమే జోసెఫీ భార్యాపిల్లలతో బయలుదేరాడు. అకియాతుసుక్ 1954లోనే చనిపోయాడు. ఎవరికోసం వచ్చాడో ఆ మనిషి లేని ఊళ్ళో జోసెఫీ దిగాడు. ఆయన కూతురు మార్తా అప్పటికి ఐదేళ్ళ పిల్ల. చిన్నతనం నుంచే తండ్రి వెంట ఆ చీకటిలో వేటకు వెళ్ళింది. పెద్దయ్యాక ఇన్యూట్ మహిళల జాతీయ సంఘానికి అధ్యక్షురాలైంది. తమవాళ్ళకు జరిగింది దేశానికి చెప్పినవాళ్ళలో ఆమె ముందుంది.

రెండేళ్ళ మాట ఎవరూ నిలబెట్టలేదు. వెళ్తామని అడిగిన వాళ్ళకు ఏదో ఒక సాకు చెప్పారు. ఏళ్ళు గడిచాయి. 1960ల మొదట్లో బడి వచ్చింది. జనం ఇప్పుడున్న చోటికి మారారు. తీసుకొచ్చిన వాళ్ళ పిల్లలు అక్కడే పెరిగి, ఆ మంచును, ఆ చీకటిని సొంతం చేసుకున్నారు.

1980లలో ఈ కుటుంబాలు గట్టిగా అడగడం మొదలుపెట్టాయి. 1989లో వెనక్కి వెళ్తామన్నవాళ్ళను ప్రభుత్వం తన ఖర్చుతో ఇనుక్‌జువాక్‌కు చేర్చింది. వయసు మీరినవాళ్ళు చాలామంది వెళ్ళారు. ఎల్స్‌మియర్‌లో పుట్టిన పిల్లలకు అదే సొంతూరు, వాళ్ళు వెళ్ళలేదు. 1953లో అన్నదమ్ముల మధ్య పడ్డ చీలిక 1989లో తల్లిదండ్రులకూ పిల్లలకూ మధ్య పడింది. దీనికి ఏ పరిహారం సరిపోతుందో నేను చెప్పలేను.

1993లో రాయల్ కమిషన్ అనే ప్రభుత్వ విచారణ సంఘం వాళ్ళ మాటలు విన్నది. 1994లో నివేదిక ఇచ్చింది. ఆ తరలింపులో దేశ సార్వభౌమత్వం కూడా ఒక కారణమేనని, చేసిన పద్ధతి అన్యాయమని, క్షమాపణ చెప్పాలని అన్నది. 1996లో ప్రభుత్వం కోటి డాలర్ల నిధి ఇచ్చింది కానీ క్షమాపణ చెప్పలేదు. క్షమాపణ 2010 ఆగస్టు 18న వచ్చింది. కేంద్ర మంత్రి ఇనుక్‌జువాక్ వెళ్ళి చెప్పాడు. మొదట ఓడ దిగిన పెద్దవాళ్ళలో చాలామంది అప్పటికి లేరు. ఆ ఏడే గ్రీస్ ఫియోర్డ్‌లో లూటీ పిజామిని అనే స్థానిక శిల్పి చెక్కిన స్మారకాన్ని ఆవిష్కరించారు. ఒక తల్లి, పక్కన బిడ్డ, ఒక కుక్క. రాజుల పేర్లు, ప్రభువుల పేర్లు నిండిన ఆ దీవి మీద, ఆ తీరాన దించబడ్డ కుటుంబాల కోసం లేచిన స్మారకం అది.

గ్రీస్ ఫియోర్డ్ ఇప్పుడు కెనడాలో అన్నిటికంటే ఉత్తరాన ఉన్న పల్లె. ఏడాదికి సరిపడా బరువు సరుకు వేసవిలో ఓడ మీద వస్తుంది. మిగతావి చిన్న విమానంలో. కొట్లో కొన్న సరుకు ధర మోయలేనిది కాబట్టి వేట ఇప్పటికీ కాలక్షేపం కాదు, వంటింటి అవసరం. మస్క్ ఆక్స్‌ను ఇప్పుడు లెక్క ప్రకారం వేటాడొచ్చు. దీవి ఉత్తర భాగం 1988లో జాతీయ పార్కు రిజర్వ్ అయింది. ఉత్తర తీరాన్ని అంటిపెట్టుకుని వేల ఏళ్ళుగా ఉన్న మంచు పలకలు, 1906లో పియరీ నడిచినప్పుడు దాదాపు 9 వేల చదరపు కిలోమీటర్లు ఉండేవి, ఇప్పుడు చాలావరకు విరిగి సముద్రంలో కలిశాయి. మిల్న్ అనే పలక 2020 జులైలో రెండు రోజుల్లో నలభై శాతానికి పైగా విరిగిపోయింది. సముద్రపు మంచు ఆలస్యంగా కడుతోంది, త్వరగా విడిపోతోంది. ఎక్కడ మంచు పలుచబడింది, ఏ దారి ఈ ఏడు పనికిరాదు అన్నది శాస్త్రవేత్తలు ఉపగ్రహ చిత్రాలతోపాటు అక్కడి వేటగాళ్ళను కూడా అడిగి తెలుసుకుంటున్నారు. నేర్స్ నౌకాదళానికి, ఒట్టావా అధికారులకు తట్టని పని అది.